తిబెరు నది లంకలో



దేవుని కృపను బట్టి, సంఘస్థుల ప్రార్థనల వలన, గత సంవత్సరము తోటి సేవకులతో కలిసి రోమా పట్టణమును చూచే భాగ్యము మాకు కలిగింది. పౌలు ఖైదీగా అడుగుపెట్టిన పట్టణమది. ఆయన మెలితే ద్వీపము నుండి ఎక్కి వచ్చిన ఓడకు కవల దేవతల చిహ్నమున్నదని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో చదువుతాము. ఆ కవలలు కాస్టర్, పోలక్స్. వారి గుడిలో మిగిలిన మూడు స్తంభములను పాత పట్టణపు శిథిలాల మధ్య చూచాము.

రోమీయులకు ప్రతి పనికీ ఒక దేవత ఉండేది. ఆకాశానికి జూపిటర్, యుద్ధానికి మార్స్, ధాన్యానికి సెరీస్, పొయ్యిలోని నిప్పుకు వెస్టా, గుమ్మానికి జేనస్, పొలం గట్టుకు టెర్మినస్. గోధుమ పైరుకు తుప్పు తెగులు పట్టకూడదని ఏప్రిల్ 25న రోబిగస్ అనే దేవతకు కుక్కను బలి ఇచ్చేవారు. మన గోడమీది క్యాలెండరులో జనవరి అన్నది జేనస్ పేరు మీద, మార్చి అన్నది మార్స్ పేరు మీద వచ్చినవే.

ఇవన్నీ చూచిన మరునాడు తిబెరు నది మధ్యనున్న చిన్న లంకకు వెళ్ళాము. మన గోదావరి లంకలతో పోలిస్తే అది ఒక చిన్న మడి చెక్క. క్రీ.పూ. 62లో కట్టిన రాతి వంతెన మీదుగా నేటికీ జనులు దానిలోనికి నడిచి వెళ్తున్నారు. క్రీ.పూ. 293లో రోమాలో ఘోరమైన తెగులు వచ్చినప్పుడు, వైద్యదేవతయైన ఎస్కులాపియస్ సర్పమును గ్రీకు దేశము నుండి ఓడలో తెచ్చారనీ, అది ఈ లంకలో దిగిందనీ రోమీయులు చెప్పుకునేవారు. అందుచేత ఇక్కడ అతనికి గుడి కట్టారు. ఓడ ఆకారములో చెక్కిన రాళ్ళు, వాటిమీద పాము బొమ్మ ఇంకా కొంత కనబడుతున్నవి.

రోగులు ఇక్కడికి వచ్చి మొక్కుకొనేవారు. మట్టితో చేసిన చేతులు, కాళ్ళు, కళ్ళు ఈ నదిలో ఎన్నో దొరికాయి. రోమీయుల మొక్కులో ఒక ఒప్పందముండేది: నీవు ఇది చేస్తే నేను అది ఇస్తాను. కోరిక తీరినవారు రాతిమీద తమ పేరు చెక్కించి, చివర నాలుగు అక్షరాలు వేయించేవారు. "సంతోషముతో, న్యాయముగా మొక్కు తీర్చాడు" అని వాటి అర్థము.

ఆ సంగతి వినగానే మా గుండె ఆగినంత పని అయింది. మా మందిరపు గంట జ్ఞాపకము వచ్చింది.

నాలుగేళ్ళ క్రితం మా చిన్నమ్మాయికి విషజ్వరం వచ్చినప్పుడు, "ప్రభువా, బిడ్డను బ్రతికిస్తే మందిరానికి గంట కొనిపెడతాము" అని మేము, మా ఇంటివారు మొక్కుకున్నాము. బిడ్డ కోలుకుంది. గంట తెచ్చి, దానిమీద మా పేర్లు చెక్కించాము. అదే వారములో మా సంఘములోని ఒక కూలి కుటుంబపు పిల్లవాడు అదే జ్వరముతో చనిపోయాడు. భూస్థాపన అయ్యాక ఆ తల్లి, "మీరు గంట మొక్కుకున్నారు, మేము బస్తా ధాన్యమే మొక్కుకున్నాము. అందుకేనా అయ్యగారూ?" అని అడిగింది. మేము తల వంచుకొని వచ్చేశాము. ప్రతి ఆదివారము ఆ గంట మ్రోగినప్పుడెల్లా ఆమె చెవిలో ఏమని పడిందో మేము తలంచనేలేదు.

పౌలు ఇదే రోమాలో బంధకములలో ఉండి తిమోతికి రెండవ పత్రిక వ్రాశాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని అందులో చెప్పాడు. ఎందరినో స్వస్థపరచినవాడు తన స్నేహితుని రోగము పోలేదని దాచలేదు. త్రోఫిము అర్పణ చాలలేదని నింద వేయలేదు. మనము ఏదో ఇస్తే దేవుడు బిడ్డను ఇస్తాడని కాదు. మనము అడుగకముందే ఆయన తన కుమారుని ఇచ్చాడని గదా రోమా సంఘానికి అతడు ముందుగానే వ్రాసింది! హన్నా మ్రొక్కుబడి ఆమె కన్నీటి ప్రార్థనలోనిది. అది వెల కాదు.

ఆ లంకలో 16వ శతాబ్దము నుండి ఆసుపత్రి నడుస్తున్నది. దాని గుమ్మము దగ్గర ఒక తల్లి చంటిబిడ్డను భుజాన వేసికొని నిలబడి ఉంది. ఆమెను చూచి, ఇంటికి వెళ్ళగానే చేయవలసిన పని ఏదో మాకు తెలిసింది.

తిరిగి వచ్చిన మరునాడే ఆ కూలి తల్లి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాము. "అమ్మా, మీ మొక్కు చిన్నది కాదు, మా మొక్కు పెద్దది కాదు. దేవుడు తూకం వేయలేదు. మీ బాబు ఎందుకు వెళ్ళిపోయాడో మాకు తెలియదు. ఆ రోజు ఈ మాట చెప్పకుండా వెళ్ళినందుకు మమ్మును క్షమించు" అన్నాము. ఆమె చాలాసేపు ఏడ్చింది. తరువాత లేచి, మా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

గంటమీది పేర్లు అరగదీయించాము. గంట మాత్రము మ్రోగుతూనే ఉంది.

ప్రియులారా, కృతజ్ఞతతో అర్పించండి, మానవద్దు. అయితే దానిని దేవునికి వెలగా కట్టవద్దు. మీ పొరుగింటి తల్లి కన్నీటి ఎదుట మీ మొక్కును సాక్ష్యముగా చెప్పేముందు ఒక్క క్షణము ఆగండి.