సైకిలుకు మనం సరిపోవాలా, మనకు సైకిలు సరిపోవాలా?

నాకు అరవై తొమ్మిదో యేడు నడుస్తుండగా, ఒక శీతకాలపు ఉదయం, పెబ్బేరు దగ్గర జూరాల ఎడమ కాలువ గట్టు మీద సైకిలు మీది నుంచి పడ్డాను. ఎదురుగా మేకల మంద వచ్చింది. బ్రేకు వేశాను. సైకిలు సరిగ్గానే ఆగింది. ఆగిన సైకిలు మీది నుంచి కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. పక్కకు ఒరిగి ఎడమ అరచేతి మీద పడ్డాను. మణికట్టు వంపు చూడగానే ఎక్స్‌రే అవసరం లేకుండానే అది కాలీస్ ఫ్రాక్చర్ అని తెలిసిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో అటువంటి చేతులకు పిండికట్లు కట్టినవాణ్ణి నేను.

మేకల కాపరి పరుగున వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టాడు. సైకిలును ఒకసారి, నన్ను ఒకసారి చూసి అన్నాడు: "సారూ, గీ సైకిలు నీ ఎత్తుది గాదు. కాలు నేలకు అందకపాయె."

మూడు నెలలుగా నాకు తట్టని రోగనిర్ధారణ ఆయన ఒక్క చూపులో చేశాడు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

కొన్నది ఎందుకు, కొన్నది ఎలా

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పాలమూరు జిల్లాలోనే గడిచింది. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, నాకు అవి ఇప్పటికీ ఒకే జిల్లా. పదవీ విరమణ తరువాత వనపర్తిలో స్థిరపడ్డాను. కూర్చున్న జీవితం తన పని తాను చేసింది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.3కు చేరింది. అంటే మధుమేహం గుమ్మం ముందు నిలబడి ఉందన్న మాట. నడుద్దామంటే మోకాళ్లు సహకరించలేదు. శరీరపు బరువు మోకాళ్ల మీద పడకుండా గుండెకు, కండరాలకు పని చెప్పగలిగేది సైకిలు. అందువల్ల సైకిలు కొనాలనుకున్నాను.

నేను ఎంచుకున్నది హార్డ్‌టెయిల్ రకం కొండ సైకిలు. ముందు చక్రానికి కుదుపులను మింగే ఫోర్కు ఉంటుంది, వెనక చక్రానికి ఏ స్ప్రింగూ ఉండదు. అరిగే కీళ్లు తక్కువ, ఖర్చూ తక్కువ. మన కాలువ గట్లకు, మొరం బాటలకు ఇది చక్కగా సరిపోతుంది. ఎంపికలో పొరపాటు లేదు. కొలతలో పొరపాటు జరిగింది.

దుకాణంలో ఆ రోజు మిగిలింది 19 అంగుళాల ఫ్రేము ఒక్కటే. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. "సీటు దించుకుంటే సరిపోతుంది సార్" అన్నాడు అమ్మే కుర్రాడు. నేనూ సరేనన్నాను. ఎందుకంటే మా తరం సైకిలు నేర్చుకున్నదే అలా. నాన్నగారి పెద్ద సైకిలు బారు కింది నుంచి కాలు దూర్చి, నడుము వంకర తిప్పి, కైంచీ తొక్కుతూ పెరిగాం. సైకిలు ఎంత పెద్దదైనా మన ఒంటిని దానికి అమర్చుకోవడమే మాకు తెలిసిన విద్య. పదేళ్ల ఒళ్లు ఆ వంకరను భరిస్తుంది. డెబ్భై ఏళ్ల ఒళ్లు భరించదు.

నేను చేసిన తప్పుడు నిర్ధారణ

తొక్కడం మొదలుపెట్టిన నెలకే రెండు చేతుల చిటికెన వేళ్లు, ఉంగరపు వేళ్లలో సగం తిమ్మిరెక్కసాగాయి. మెడ కూడా పట్టేసింది. వయసు మీద పడింది, మెడపూసలు అరిగాయి అని నాకు నేనే తీర్మానించుకుని కాలరు కొనుక్కున్నాను. రోగి ఎవరైనా ఇదే మాట చెప్పి ఉంటే ముందు చేతులు పట్టి చూసేవాణ్ణి. నా చేతులను మాత్రం చూసుకోలేదు.

చూసి ఉంటే తెలిసేది. ఆ వేళ్లకు వెళ్లే అల్నార్ నరం నుంచి అరచేతి వెనక భాగానికి వెళ్లే కొమ్మ మణికట్టు చేరకముందే చీలిపోతుంది. చేతి వెనక స్పర్శ బాగా ఉండి, వేళ్ల లోపలి వైపు మాత్రమే తిమ్మిరి ఉంటే నరం నలిగేది మెడలో కాదు, మణికట్టు దగ్గర అని అర్థం చేసుకోవచ్చు. నాకు సరిగ్గా అలాగే ఉంది. సైకిలు పొడవైనది కావడంతో హ్యాండిలు అందుకోవడానికి ముందుకు సాగి, ఒంటి బరువంతా అరచేతుల అంచుల మీద మోపేవాణ్ణి. దీనికి వైద్య గ్రంథాలలో హ్యాండిల్‌బార్ పాల్సీ అనే పేరే ఉంది.

ఇక్కడే మరొక మాట. ఈ వయసులో, నిలుచున్నంత ఎత్తు నుంచి పడినా ఎముక విరిగిందంటే దానిని కేవలం దురదృష్టంగా కొట్టిపారేయకూడదు. ఎముక సాంద్రతను పరీక్షించాలి. నేను డెక్సా స్కాన్ చేయించుకుంటే ఎముకలు పలచబడ్డాయని తేలింది. సైకిలు గుండెకు మేలు చేస్తుంది గాని, బరువు మోయించదు గనుక ఎముకకు చేసేది తక్కువ. అందుకే ఇప్పుడు రోజూ కొంతసేపు నడక కూడా కలుపుకున్నాను.

కొలతలు

పిండికట్టు విప్పాక నష్టానికే ఆ సైకిలు అమ్మేశాను. ఈసారి టేపు పట్టుకుని కొనడానికి వెళ్లాను. పాఠకులూ అలాగే చేయాలని నా మనవి.

చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడండి. రెండు కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకం నిలువుగా పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు తగిలే దాకా పైకి జరపండి. పుస్తకపు పై అంచు నుంచి నేల దాకా కొలవండి. నాకు 76 సెంటీమీటర్లు వచ్చింది. సైకిలు బారు దగ్గర నిలబడితే బారుకు, మనకు నడుమ కనీసం 5 సెంటీమీటర్ల జాగా ఉండాలి. నా పాత సైకిలు బారు నేల నుంచి 78 సెంటీమీటర్లు ఉండేది! మేకలు రాకపోయినా ఏదో ఒక రోజు నేను పడవలసినవాణ్ణే.

రెండవది సీటు ఎత్తు. అదే కాలి కొలతను 0.883తో హెచ్చించాలి. నాకు 67 వచ్చింది. పెడళ్లు తిరిగే నడిమి ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా సీటు గొట్టం వెంట అన్ని సెంటీమీటర్లు ఉండాలి. లెక్క వద్దనుకుంటే మడమ పరీక్ష చేయండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనించితే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదపు ముందు భాగం ఆనిస్తాం గనుక మోకాలు 25 నుంచి 35 డిగ్రీల దాకా వంగి ఉంటుంది. గుర్తు పెట్టుకోవలసింది ఇది: మోకాటి చిప్ప ముందు నొప్పి అయితే తరచుగా సీటు కిందికి ఉంది, మోకాలి వెనక నొప్పి అయితే సీటు పైకి ఉంది. మా ప్రాంతంలో ఎక్కువమంది పాదం నేలకు ఆనాలని సీటు బాగా దించి తొక్కుతారు. సీటు మీద కూర్చుని పాదం మోపనక్కర లేదు. ఆగేటప్పుడు సీటు ముందుకు దిగి బారు మీదుగా నిలబడాలి. అందుకే బారు ఎత్తు అంత ముఖ్యం.

మూడవది, హ్యాండిలు దూరం. సీటు దించినంత మాత్రాన ఇది తగ్గదు. ఆ కుర్రాడి సలహాలో లోపం ఇదే. హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్‌ను కొంచెం పొట్టిది వేస్తే రెండు మూడు సెంటీమీటర్లు కలిసివస్తాయి. సైజులోనే తేడా ఉంటే అది చాలదు. హ్యాండిలు పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త వంగి, భుజాలు వదులుగా ఉండాలి. ఫ్రేము మీది అంగుళాల సంఖ్యను మాత్రమే నమ్మవద్దు. ఒక్కో కంపెనీ కొలిచే పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఎక్కి కూర్చుని చూడడమే పరీక్ష.

ఇప్పుడు నాది 16 అంగుళాల ఫ్రేము. చేతుల తిమ్మిరి తిరిగి రాలేదు. కాలరు అటక మీద ఉంది.

సంరక్షణ

ఆదివారాలు గద్వాలకు వెళ్లి, అక్కడ స్థిరపడిన మిత్రునితో కలిసి జూరాల వైపు తొక్కుతాను. ఆయన విశ్రాంత అధ్యాపకులు. నడిగడ్డ నేల సైకిలుకు మూడు పరీక్షలు పెడుతుంది: దుమ్ము, సర్కారు తుమ్మ ముళ్లు, వానాకాలంలో నల్లరేగడి.

ముళ్లకు మందు ఉంది. ట్యూబులోకి సీలెంట్ ద్రవం ఎక్కిస్తే చిన్న రంధ్రాలను అదే పూడ్చుకుంటుంది. పంచర్ వేయించాక టైరు లోపలంతా పాత గుడ్డతో తుడవాలి. మిగిలిన ముల్లు గుడ్డకు తగులుతుంది, వేలు తెగదు. ఇక హవా సంగతి. పంచర్ షాపులో టైరు రాయిలా గట్టిపడే దాకా కొడతారు. నా బరువు 65 కిలోలు, టైర్ల వెడల్పు 2.1 అంగుళాలు. ముందు 27, వెనక 30 పీఎస్ఐ నాకు చాలు. టైరే మొదటి కుదుపు మందు. దానిని రాయి చేసి, ఆ పైన ఖరీదైన ఫోర్కు కొనడం అర్థం లేని పని. మరీ తగ్గిస్తే మాత్రం రాళ్ల మీద ట్యూబు రిమ్ముకు నలిగి చిల్లు పడుతుంది.

చైను తుడిచి, ఒక్కో గొలుసు రోలరుపై ఒక్క చుక్క నూనె వేసి, అయిదు నిమిషాలాగి పైది తుడిచేయాలి. నూనె కారుతుంటే దుమ్ము అంటుకుని సానరాయిలా పళ్లను అరగదీస్తుంది. అరుగుదల కంటికి కనబడదు గనుక స్టీలు స్కేలుతో కొలవండి. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి లెక్కిస్తే 24 కణుపులకు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే వెనక పళ్ల చక్రాలు కూడా పోయినట్టే. నా దృష్టిలో ఇది చైనుకు హెచ్‌బీఏ1సీ పరీక్ష: లక్షణాలు కనబడే సరికి ఆలస్యమైపోతుంది.

తడిసిన నల్లరేగడిలో తొక్కవద్దు. చక్రానికి, ఫోర్కుకు నడుమ పేరుకుని బిగుసుకుంటుంది. దానిని వాటర్ సర్వీసింగు యంత్రంతో కడిగించవద్దు. ఆ ఒత్తిడికి నీళ్లు బేరింగులలోకి దూరి గ్రీజును కడిగేస్తాయి. బకెట్టు నీళ్లు, గుడ్డ చాలు. బ్రేకు డిస్కుకు మాత్రం ఒక్క చుక్క నూనె కూడా తగలకూడదు.

మార్పులు: ఏది ముందు, ఏది తరువాత

మా మిత్రునికి ఒక సరదా పుట్టింది. 100 మిల్లీమీటర్లు కుదించుకునే ఫోర్కు తీసేసి 140 మిల్లీమీటర్ల కొత్తది వేయించారు. సైకిలు విలువలో సగానికి పైగా దానికే పెట్టారు. ముందు భాగం పైకి లేచింది. ఎక్కుడులో ముందు చక్రం పట్టు తప్పి అటూ ఇటూ పోసాగింది. ఫ్రేము ఏ ఫోర్కు పొడవుకు గీసినదో దానికి 20 మిల్లీమీటర్లకు మించి మార్చరాదన్నది సాధారణ నియమం.

ఆ ఫోర్కుతోనే నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం కొండకు వెళ్లాం. ఎక్కేటప్పుడు నడిపించుకుంటూ వెళ్లాం. దిగేటప్పుడు నాకు వెనక నుంచి ఇనుము ఇనుమును గీస్తున్న చప్పుడు వినబడింది. ఆయన బ్రేకు ప్యాడ్లు ఎప్పుడో అరిగి, వెనకనున్న రేకు డిస్కును రాస్తున్నది. సైకిలు నెమ్మదిస్తున్నది గాని ఆగడం లేదు. చివరకు కొండ వైపు మట్టి కుప్పలోకి తిప్పి ఆపుకున్నారు. దెబ్బలు తగల్లేదు. చాలాసేపు రాతి మీద కూర్చుండిపోయారు. నీళ్ల సీసా అందుకున్న చేయి వణుకుతోంది. ప్యాడు మందం ఒక మిల్లీమీటరుకు తగ్గితే మార్చాలి. ఆ ప్యాడ్ల ఖరీదు ఆయన ఫోర్కుకు వేసుకున్న స్టిక్కర్ల కన్నా తక్కువ.

కొండ సైకిలు పుట్టుకలోనే ఈ పాఠం ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ యువకులు పాత బరువు సైకిళ్ల మీద కొండ దిగుతూ 1976లో పందేలు మొదలుపెట్టారు. దిగేసరికి వెనక హబ్ బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరాలి. అందుకే ఆ బాటకు రీప్యాక్ అనే పేరు వచ్చింది. ఫోర్కులు, గేర్ల వైభవం అంతా తరువాత వచ్చినది. మొదట వాళ్లను పీడించింది బ్రేకే.

అత్యవసర విభాగంలో మేము పాటించే వరుసనే ఇక్కడా పాటించండి. మొదట ప్రాణం: బ్రేకులు, టైర్లు, హెల్మెట్. రక్తం పలుచబరచే మందులు వాడేవారికి హెల్మెట్ మరీ ముఖ్యం. తరువాత నొప్పి: సీటు, చేతి గ్రిప్పులు, స్టెమ్. ఆ తరువాతే సౌఖ్యం, వేగం: గేర్లు, ఫోర్కు. ఏడు గేర్ల సైకిలును పది గేర్లకు మార్చాలంటే చాలా వాటిలో వెనక హబ్బే మార్చవలసి వస్తుంది. దానికి బదులు మెకానిక్‌తో మాట్లాడి, సరిపడితే 34 పళ్ల పెద్ద చక్రం ఉన్న ఫ్రీవీలు వేయించుకుంటే ఎక్కుడులో మోకాళ్లు మిమ్మల్ని దీవిస్తాయి.

చివరిగా

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం సూచిస్తుంది. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ముందు తమ వైద్యుణ్ణి కలవాలి. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు జేబులో చక్కెర పొట్లం లేకుండా బయలుదేరకూడదు.

నా హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 5.8. మందులు లేవు. పోయిన మాఘంలో అదే కాలువ గట్టు మీద అదే కాపరి మళ్లీ ఎదురయ్యాడు. మంద దాటే దాకా ఆగాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు, నా పాదాల వైపు చూశాడు. రెండూ నేల మీద ఉన్నాయి.

"ఇప్పుడు మంచిగుంది సారూ" అన్నాడు.

మీరు గాని, మీ పిల్లలు గాని సైకిలు కొనేటప్పుడు ఇంట్లోని టేపు వెంట తీసుకువెళ్లండి. దుకాణంలో మీ సైజు లేకపోతే, వచ్చేదాకా ఆగండి.