గడువు తీరిన లెక్క

మార్చి వచ్చిందంటే సర్కారీ ఆసుపత్రి ఫార్మసిస్టుకు కంటి మీద కునుకుండదు. మందుల గదిలో వెనక అరల నుంచి అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. గడువు తీరిన సిరప్‌లు, ఇంజెక్షన్లు ఎర్ర సిరాతో రిజిస్టరుకెక్కుతాయి. సరిగ్గా అప్పుడే కౌంటరు ముందున్న ముసలాయనకు బీపీ మాత్రలు లేవు, బయట కొనుక్కోమన్న జవాబొస్తుంది. ఒకే గదిలో ఇటు వృథా, అటు కొరత.

ఇది కేవలం డబ్బు చాలక వచ్చిన జబ్బు కాదు. ఏ మందు ఎంత ఖర్చవుతోందో, ఏ పెట్టెకు ఎప్పుడు కాలం చెల్లుతుందో తెలియక వచ్చింది. నిరుటి అంకెకు కొంత కలిపితే ఇండెంటు సిద్ధం. పైన ఎలాగూ కోత వేస్తారని రెట్టింపు రాసేవారూ ఉన్నారు.

పొరుగున తమిళనాడు దీనికి 1994లోనే దారి వెతికింది. ఆ ఏడాది ఏర్పడిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ కొనుగోళ్లను ఒక చోటికి తెచ్చి, జిల్లా గోదాముల లెక్కలను కంప్యూటర్లకెక్కించింది. ఒక్కో ఆసుపత్రికి బ్యాంకు ఖాతాలా పాస్‌పుస్తకం ఇచ్చింది. తన వాటా సొమ్ములోంచి కావలసిన మందును ఆసుపత్రే తీసుకోవాలి. అక్కర్లేనిది తెచ్చుకుంటే తరిగేది తన ఖాతాయే. తర్వాత సి-డాక్ రూపొందించిన ఈ-ఔషధి తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది. నిల్వ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ తెర మీద కనబడితే, ఇక్కడ కదలని పెట్టెను కాలం తీరకముందే అవసరమున్న చోటికి పంపవచ్చు. ముందు గడువు తీరేదాన్ని ముందు ఇవ్వడం కిరాణా కొట్టువాడికీ తెలిసిన విద్యే. కాకపోతే కొత్త సరుకు పాతదాని ముందు పేరుస్తారు, చేతికి అందేది అదే.

అయితే కంప్యూటరుది ఒంటికన్ను చూపు. మందు రెండు నెలలు లేకపోతే ఆ రెండు నెలల వాడకం సున్నాగా నమోదవుతుంది. ఆ సగటును నమ్మితే వచ్చే ఏడాదీ కొరతే. ఉత్త చేతులతో తిరిగెళ్లిన ముసలాయన ఏ గడిలోనూ కనబడడు. అనుభవమున్న ఫార్మసిస్టు అందుకే పక్కన ఓ నోటుపుస్తకం ఉంచుకుంటాడు. లేదని చెప్పిన ప్రతిసారీ అందులో ఓ గీత.

ఇక పాముకాటు మందు. నెలల తరబడి ఒక్క వయల్ కదలదు. లెక్క ప్రకారం శుద్ధ దండగ. తొలకరి రోజుల్లో పొలం నుంచి ఎవరినో మోసుకొస్తే మాత్రం మొదటి మోతాదుకే ఎనిమిది నుంచి పది వయల్స్ కావాలి. ఆ అరలో ఏటా కొంత గడువు తీరితే తీరనివ్వాలి. ఆడిటరు నిలదీస్తే ఫార్మసిస్టు చూపించాల్సింది మందుల రిజిస్టరు కాదు, క్యాజువాలిటీ రిజిస్టరు.