పగ తీరాక ఇంకో రీలు

మన సినిమాల్లో విలన్ నేలకొరగ్గానే పోలీసు జీపు వస్తుంది. తల్లీకొడుకులు కావలించుకుంటారు. తెరమీద 'శుభం' పడేసరికి సగం హాలు లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. నన్ను మాత్రం అప్పుడే ఓ అనుమానం పట్టుకుంటుంది. రేపు పొద్దున్న లేచి ఈ హీరో ఏం చేస్తాడు? ఇరవయ్యేళ్ళు పగమీదే బతికిన మనిషికి ఇక పనేముంది?

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. నా చిన్నప్పుడు మా నాన్నని వాటా వ్యాపారంలో ఒకాయన నిండా ముంచాడు. దొంగలెక్కలు చూపించి, మా వీధి చివరే మేడ కట్టాడు. రోజూ ఆ మేడ ముందునుంచే బడికెళ్ళేవాణ్ణి. అంచేత పగ సినిమా అంటే నాకు వేరుశనక్కాయలు నముల్తూ చూసే కాలక్షేపం కాదు. ఏ దేశానిదైనా, ఏ భాషదైనా దొరికితే వదల్లేదు. వాటిలో మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పుకోని మూడింటి సంగతి చెబుతాను. క్లైమాక్సులు కూడా చెప్పేస్తున్నానని కోప్పడకండి. అసలు విషయమంతా అక్కడే ఉంది మరి!

మొదటిది 1967లో ఇటలీవాళ్ళు తీసిన కౌబాయ్ చిత్రం 'డెత్ రైడ్స్ ఎ హార్స్'. దర్శకుడు జూలియో పెట్రోని. వానరాత్రి దుండగులు ఇంటిమీద పడి అందర్నీ చంపేస్తారు. దాక్కుని చూసిన పసివాడు బిల్‌కి గుర్తున్నవి కొన్ని ఆనవాళ్ళే. ఒకడి ఒంటిమీద పచ్చబొట్టు, ఒకడి చెవిపోగు, ఒకడి ముఖంమీద గాటు, ఇంకొకడి మెడలో పుర్రెబొమ్మ గొలుసు. పదిహేనేళ్ళ తర్వాత వేట మొదలు. ఇంతవరకూ మనకి తెలిసిన కథే కదూ? ఆ ముఠా చేతిలోనే మోసపోయి పదిహేనేళ్ళు జైల్లో మగ్గిన ర్యాన్ కూడా వాళ్ళ వెంటపడతాడు. ఈ పాత్ర లీ వాన్ క్లీఫ్‌ది. ఇద్దరికీ శత్రువులు ఒకరే, కానీ ఎవరు ముందు పట్టుకోవాలన్నదే పోటీ. తీరా చూస్తే పుర్రెబొమ్మ గొలుసు ర్యాన్ మెడలోనే ఉంటుంది! ఆ రాత్రి ఆలస్యంగా వచ్చి, తగలబడుతున్న ఇంట్లోంచి బిల్‌ని బయటికి లాగినవాడూ అతనే. పగ పద్దులో అప్పూ జమా ఒకే పేరుమీద వస్తే ఏం చేయాలి? బిల్ చివరికి అతన్ని చంపకుండా వదిలేస్తాడు. నాకు ఆ వదిలెయ్యడమే నచ్చింది.

రెండోది ఫ్రెంచి చిత్రం, 1968లో ఫ్రాంస్వా ట్రూఫో తీసిన 'ది బ్రైడ్ వోర్ బ్లాక్'. పెళ్ళయి చర్చి మెట్లు దిగుతుండగా వరుడికి తూటా తగులుతుంది. వధువు జాన్ మొరో అయిదుగురు మగవాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క వేషం: ఒకచోట పసివాడి టీచరు, ఇంకోచోట చిత్రకారుడికి మోడల్. మోసం చేసినవాణ్ణి మోసంతోనే కొడుతోందని మనం సంబరపడేలోగా అసలు నిజం బయటపడుతుంది. వాళ్ళు కావాలని చంపలేదు. ఎదురింటి గదిలో తుపాకీతో ఆటలాడుతుంటే పేలింది, అంతే. అయినా ఆమె ఆగదు. అయిదోవాడు జైల్లో ఉంటే, తనూ కావాలని పట్టుబడి జైలుకెళుతుంది. భోజనాల బండి తోసుకుంటూ అతని గది వైపు నడుస్తుంది. హత్య మనకి చూపించరు. కేక మాత్రం వినిపిస్తుంది, వెనకే పెళ్ళిబాజా! ఈలవేద్దామనుకున్నవాడి నోరు అక్కడే మూతపడుతుంది.

మూడోది జపాన్‌ది, 'లేడీ స్నోబ్లడ్'. 1973లో తోషియా ఫుజితా తీశాడు. నాయిక మెయికో కాజీ. సైన్యంలో చేరకుండా తప్పిస్తామని పల్లెజనం దగ్గర డబ్బు గుంజే ముఠా ఒక కుటుంబాన్ని నాశనం చేస్తుంది. పగ తీర్చడానికి ఒక బిడ్డ కావాలని తల్లి జైల్లో ప్రసవించి ప్రాణం విడుస్తుంది. ఆ పిల్లే యుకీ. తనకంటూ కోరిక లేదు, బాల్యం లేదు. ముఠాలో ఒకడు ఇప్పుడు తాగుబోతు ముసలాడు, కూతురి సంపాదనతో బతుకుతున్నాడు. యుకీ వాణ్ణి చంపుతుంది. చివర్న మంచులో ఆ కూతురే వచ్చి యుకీని పొడుస్తుంది. ఒకరి పద్దు ముగిస్తే ఇంకొకరి పద్దు మొదలవుతుంది!

ఇది చూస్తున్నప్పుడే మా వీధి మేడాయన కూతురు గుర్తొచ్చింది. రెండు జడలు వేసుకుని రిక్షాలో బడికెళ్ళే పిల్ల. వాళ్ళ నాన్న చేసిన పని ఆ పిల్లకేం తెలుసు? నా ఊహల్లో ఆయన్ని ఎన్నిసార్లు పడగొట్టానో లెక్కలేదు గానీ, ఆ ఊహల్లో ఒక్కసారి కూడా ఆ పిల్ల లేదు. ఆయన చేసింది మోసమే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ పిల్ల గుర్తొచ్చాక ఆ పడగొట్టే సీను మళ్ళీ నా కళ్ళకి కట్టలేదు.

అన్నట్టు, 2003లో వచ్చిన 'కిల్ బిల్' మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో మెయికో కాజీ పాట 'లేడీ స్నోబ్లడ్' లోనిదే. మొరికోనె బాణీ ఒకటి 'డెత్ రైడ్స్ ఎ హార్స్' నుంచి తీసుకున్నది. కత్తులు నచ్చి చప్పట్లు కొట్టినవాళ్ళు ఓసారి ఈ పాతవాటినీ చూడండి. విలన్ పడ్డాక లేవకండి. ఇంకో రీలుంది.