మంచు ఊళ్ళో మన కోడి చుట్టం

బోస్టన్ దగ్గర మా ఊళ్ళో పెరట్లో కోళ్ళు పెంచుకోవచ్చని తెలిసిన రోజు నుంచి మా అమ్మాయి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. టౌన్ పర్మిట్ తీసుకుని మూడు పెట్టల్ని తెచ్చాం. అందులో తెల్ల లెగ్‌హార్న్ అంటే దానికి ప్రాణం. పేరు మల్లి.

మొదటి మంచు పడగానే నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. గూడుకున్న సందులన్నీ ప్లాస్టిక్ షీట్లతో మూసేశాను. జనవరిలో ఒక పొద్దున చూస్తే గూడు లోపలి గోడలన్నీ తడిసి గడ్డకట్టాయి. మల్లి జుట్టు కొసలు నల్లబడిపోయాయి. మా అమ్మాయి నాతో మాట్లాడకుండా స్కూలుకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భీమవరంలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ మంచు చూసింది ఫ్రిజ్‌లోనే! అంతా విని, "కోళ్ళ గంపని సందులు వదిలి ఎందుకు అల్లుతారనుకున్నావురా? వాటికి గాలాడొద్దూ?" అంది.

అక్షరాలా నిజం. కోళ్ళ ఊపిరిలోంచి, రెట్టల్లోంచి వచ్చే తేమ బయటికి పోయే దారి లేకపోతే, జుట్టు మీద చేరి గడ్డకడుతుంది. కోడి పొడి చలికి ఓర్చుకుంటుంది కానీ తడి చలికి ఓర్చుకోలేదు. మర్నాడే కప్పు కింద, కోళ్ళ తలలకి బాగా పైన, రెండు కిటికీలు తెరిచాను.

"అసలు జుట్టు గడ్డకట్టని కోడే లేదా నాన్నా?" అంది మా అమ్మాయి, మూడు రోజుల తరువాత నోరు విప్పి. ఆ ప్రశ్నే ఫిబ్రవరి సెలవుల్లో మమ్మల్ని న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ దాటించి కెనడాలోని ఓకాకి తీసుకెళ్ళింది. సరిహద్దులో ఆఫీసరు "ఏం పని మీద వెళ్తున్నారు?" అంటే "కోడిని చూడ్డానికి" అని చెప్పిన తెలుగువాళ్ళం బహుశా మేమే!

మాంట్రియల్‌కి పడమరగా, రెండు కొండల సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఓకా. మేం వెళ్ళినప్పుడు మైనస్ 22 డిగ్రీలు. సరస్సంతా తెల్లటి మైదానంలా ఉంది. ఊరి చివర పెద్ద రాతి మఠం. సన్యాసులు 2009లో వేరే చోటికి వెళ్ళిపోయారు. ఇక్కడున్న బ్రదర్ విల్‌ఫ్రిడ్ షాట్‌లెన్ అనే సన్యాసికి, కెనడా చలికి తగిన కోడి కెనడాలో లేదే అన్న ఆలోచన వచ్చింది. 1908లో మొదలుపెట్టి కార్నిష్, లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్, వయాన్‌డాట్, ప్లిమత్ రాక్ జాతుల్ని కలుపుతూ వచ్చారు. 1918లో కొత్త కోడిని లోకానికి చూపించారు. దాని పేరు షాంటెక్లేర్.

దగ్గర్లో ఒక రైతమ్మ ఆ కోళ్ళు పెంచుతోంది. నెత్తిన చిన్న బొడిపె లాంటి జుట్టు, మెడకింద ఎర్రతోలు ఉందా లేదా అన్నట్టుంది. గడ్డకట్టడానికి అక్కడేం ఉంది గనక! లెగ్‌హార్న్ పెద్ద జుట్టు వేసవిలో ఒంటి వేడిని బయటికి పంపుతుంది. చలికాలంలో అదే శత్రువు. వయాన్‌డాట్‌ది నెత్తికి అంటుకున్న జుట్టు కాబట్టి కాస్త నయం. సిల్కీ కోడి ఈకలు దూదిలా ఉండి నీళ్ళకి తడిసిపోతాయి, దానికి మంచు మరీ కష్టం.

రైతమ్మ ఒక పెట్టని మా అమ్మాయి చేతికిచ్చింది. ఈకల్లో వేళ్ళు పెట్టగానే "హీటర్‌లా ఉంది నాన్నా!" అని అరిచింది. పిల్లలూ, కోడి ఒళ్ళు ఎప్పుడూ 41 డిగ్రీల దగ్గరుంటుంది. ఈకలు ఉబ్బించి ఆ వేడిని పట్టి ఉంచుకుంటుంది. రాత్రిళ్ళు కాళ్ళ మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. అందుకే అక్కడ సన్నటి కర్రలకి బదులు వెడల్పాటి చెక్కలు పెట్టారు.

అసలు విశేషం ఇంకోటుంది. షాంటెక్లేర్‌లో కలిసిన కార్నిష్ కోడిని ఇంగ్లండులో ఇండియన్ గేమ్ అంటారు. దాని పూర్వీకుల్లో మన అసీల్ ఉంది. అంటే భీమవరం పందెం కోడి జాతే! ఎండలో పుట్టిన ఆ రక్తం ఓకా మంచులో బతుకుతోంది.

హోటల్ నుంచి ఫోన్ చేసి, "నానమ్మా, మన ఊరి కోడే ఈ చలికి తట్టుకుంది. నువ్వూ రావచ్చుగా" అంది మా అమ్మాయి.

"దానికి ఎన్ని తరాలు పట్టిందో మీ నాన్ననడుగు బంగారం. నాకు మాత్రం టికెట్ జూన్‌లోనే కొనమను" అంది అమ్మ.

మల్లి జుట్టు కొసలు రాలిపోయాయి. మార్చిలో మళ్ళీ గుడ్లు మొదలుపెట్టింది. మొదటి గుడ్డు నాకే ఇచ్చింది మా అమ్మాయి.