శాలిబండ దారిలో ఓ బంతి కథ

శాలిబండ అనగానే రంజాన్ నెల హలీం గుర్తొస్తుంది. ఆషాఢంలో ఏనుగు అంబారీ మీద సాగే బోనాల ఘటం గుర్తొస్తుంది. చార్మినార్ నుంచి బార్కస్ దాకా సాగే ఈ దారికి మరో కథతోనూ చుట్టరికం ఉంది. ఇంగ్లండు బడుల్లో పుట్టి, తెల్లదొరల పటాలాలతో ఓడెక్కి వచ్చి, హైదరాబాద్ కుర్రాళ్ల కాళ్లకు చిక్కిన ఓ బంతి కథ అది. ఒకప్పుడు దేశం మొత్తాన్నీ పరుగులు పెట్టించిన ఆ ఆట జాడలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

బండెక్కిన బస్తీ

చార్మినార్ కింద నిలబడి, గాజులతో మెరిసే లాడ్‌బజార్‌ను కుడిచేతి వైపు వదిలేసి దక్షిణం దిక్కుకు నడిస్తే లాల్‌దర్వాజా మలుపు వస్తుంది. ఆ తర్వాత దారి మెల్లగా ఎత్తెక్కుతుంది. అదే శాలిబండ. అసలు పేరు షా అలీ బండ. షా అలీ అన్న పేరు పక్కన ఉన్న 'బండ' మన తెలుగు బండేనంటారు స్థానికులు. ఉర్దూ, తెలుగు ఇలా భుజం భుజం రాసుకుని తిరగడం 1591లో పుట్టిన ఈ నగరానికి కొత్తేమీ కాదు. ఓ పక్క హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి, ఇంకో పక్క మసీదు మినార్లు, మధ్యలో రాజా రాయ్ రాయన్ దేవిడీ నాటి గడియార స్తంభం. దాని చుట్టూ ఆటోలు, తోపుడుబళ్లు, ఇరానీ చాయ్ కప్పుల గలగల.

ఈ దారి ఇక్కడితో ఆగదు. అలియాబాద్, ఇంజన్‌బౌలి, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ చేరుతుంది. 'బ్యారక్స్' అన్న ఇంగ్లిషు మాట జనం నోళ్లలో నానినాని బార్కస్ అయింది. నిజాం సైన్యంలో పనిచేసేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండేచోటు ఇది. నగరంలో ఎక్కడ చూసినా వికెట్లు పాతి క్రికెట్ ఆడుతుంటే, బార్కస్‌లో మాత్రం ఫుట్‌బాల్ మీద మోజు ఇంకా తగ్గలేదు. జామపండ్లకు ఎంత పేరో, బంతాటకూ అంతే పేరు.

ఇంతకీ ఈ ఆట ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

నిబంధనల కోసం గొడవ

బంతిని తన్నడం మనిషికి ఎప్పుడో తెలుసు. ఇంగ్లండు పల్లెల్లో పండగ రోజున ఊరికి ఊరే రెండుగా చీలి, బంతి కోసం కుమ్ములాడుకునేది. గోల్ అంటే పక్కూరి పొలిమేరే! ఆ పోట్లాటను ఆటగా మలిచింది అక్కడి బడులు. చిక్కల్లా ఏమిటంటే, ఒక్కో బడిది ఒక్కో పద్ధతి. ఓ చోట చేత్తో పట్టుకోవచ్చు, మరో చోట కూడదు. ఓ చోట ఎదుటివాడి పిక్క మీద తన్నడం కూడా తప్పు కాదు.

ఈ గందరగోళం తేల్చడానికి 1863 అక్టోబరు 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే హోటల్లో కొన్ని క్లబ్బుల వాళ్లు సమావేశమయ్యారు. అలా పుట్టిందే ఫుట్‌బాల్ అసోసియేషన్. బంతిని చేతపట్టి పరుగెత్తడం, పిక్కల మీద తన్నడం వద్దని మెజారిటీ తేల్చింది. అది నచ్చని బ్లాక్‌హీత్ క్లబ్బు అలిగి వెళ్లిపోయింది. వాళ్ల దారే తర్వాత రగ్బీ అయింది. అప్పటికే షెఫీల్డ్‌లో 1857 నుంచీ ఓ క్లబ్బు నడుస్తోంది. నేటికీ ఉన్న ఆ షెఫీల్డ్ ఎఫ్‌సీకి ప్రపంచంలోనే అతి పాత ఫుట్‌బాల్ క్లబ్బుగా గుర్తింపు ఉంది. ఆట గంటన్నర సేపు సాగాలన్న లెక్క కూడా 1866లో లండన్, షెఫీల్డ్ జట్లు తలపడినప్పుడే కనిపిస్తుంది.

మొదట్లో ఇది దొరబాబుల ఆట. 1872లో జరిగిన తొలి ఎఫ్ఏ కప్ ఫైనల్లో వాండరర్స్ 1-0తో రాయల్ ఇంజినీర్స్ అనే సైనిక జట్టును ఓడించింది. ఆ తర్వాత బట్టల మిల్లుల్లో శనివారం మధ్యాహ్నం సెలవు దొరికిన కార్మికులు మైదానంలోకి దిగారు. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే కార్మికుల జట్టు, ఈటన్ బడి పూర్వ విద్యార్థుల జట్టును ఎఫ్ఏ కప్ ఫైనల్లో 2-1తో మట్టికరిపించింది. ఆటగాళ్లకు జీతాలివ్వడం తప్పు కాదని 1885లో ఒప్పుకోక తప్పలేదు. 1888లో లీగ్ పోటీలు మొదలయ్యాయి.

మరో మలుపు స్కాట్లండుది. అప్పట్లో ఇంగ్లిషు ఆటగాడికి బంతి చిక్కితే తలవంచుకుని ఒక్కడే దూసుకుపోయేవాడు. 1867లో గ్లాస్గోలో పుట్టిన క్వీన్స్ పార్క్ క్లబ్బు కుర్రాళ్లు మాత్రం బంతిని ఒకరికొకరు అందించుకునేవారు. 1872 నవంబరు 30న జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో స్కాట్లండు జట్టంతా ఆ క్లబ్బు వాళ్లే. తమకన్నా ఒళ్లూ బరువూ ఎక్కువున్న ఇంగ్లండును గోల్ కొట్టనివ్వకుండా 0-0తో నిలువరించారు. బలాన్ని పాస్‌తో ఎదుర్కోవచ్చని అప్పుడే తేలింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. ఎందుకంటే, ఎనభై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఓ బడిపంతులు ఇదే పాఠం చెప్పబోతున్నాడు!

పటాలాలతో వచ్చింది

మన దేశానికి ఈ ఆటను మోసుకొచ్చింది బ్రిటిష్ సైన్యం. 1888లో విదేశాంగ కార్యదర్శి మోర్టిమర్ డ్యూరాండ్ సిమ్లాలో సైనికుల కోసం ఓ టోర్నీ పెట్టించారు. అదే డ్యూరాండ్ కప్. తొలి విజేత రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్. 1891లో బొంబాయిలో రోవర్స్ కప్ మొదలైంది. కప్పులు వాళ్లవే, గెలుపులూ వాళ్లవే. 1911లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ ఎత్తుకుపోయేసరికి దేశమంతా పండగ చేసుకుంది. డ్యూరాండ్ కప్‌ను ఓ భారతీయ జట్టు తాకడానికి మాత్రం 1940 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది.

నిజాం రాజ్యంలో ఆ సైన్యం మకాం సికింద్రాబాద్. 1806లో ఏర్పడిన కంటోన్మెంటు, తిరుమలగిరి, బొల్లారం బ్యారక్స్‌లలో తెల్ల సైనికులు సాయంత్రాలు బంతాడుతుంటే, కంచె అవతల నిలబడి చూసిన కుర్రాళ్లు నేర్చుకున్నారు. క్రికెట్‌కు బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి. దీనికి బంతి ఒక్కటుంటే చాలు. బూట్లు కూడా అక్కర్లేదు! ఆట మూసీ దాటింది. పాతబస్తీలో అసర్ నమాజుకీ మగ్రిబ్ నమాజుకీ మధ్య మిగిలే ఆ కాస్త వెలుతురే పిల్లలకు ఆటవేళ.

ఖాకీ జట్టు

ఇంగ్లండులో మిల్లులు, రైల్వే షెడ్లు చేసిన పనిని హైదరాబాద్‌లో పోలీసుశాఖ చేసింది. బాగా ఆడే కుర్రాడికి పోలీసు ఉద్యోగం. నెలనెలా జీతం, రోజూ సాధన. పోలీసు ఉన్నతాధికారి శివకుమార్ లాల్ ఆ జట్టుకు పెద్దదిక్కుగా నిలిచారు. 1943లో బెంగళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, బ్రిటిష్ వైమానిక దళం జట్టును ఓడించి తొలిసారి దేశం దృష్టిలో పడింది. ఆట నేర్పిన వాళ్లనే ఓడించిందన్నమాట!

అక్కడి నుంచి వెనక్కి చూడలేదు. 1950లో డ్యూరాండ్ ఫైనల్ రీప్లేలో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించింది. ఇక రోవర్స్ కప్ అయితే 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు హైదరాబాద్‌కే వచ్చింది. బొంబాయిలో తెల్ల సైనికుల కాలక్షేపంగా మొదలైన కప్పు అది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరసగా రెండుసార్లు గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో మరోసారి.

రహీమ్ మాస్టారు

ఇన్ని విజయాల వెనక ఓ బడిపంతులున్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పారు. అందుకే ఆయన్ను అందరూ 'రహీమ్ సాబ్' అని పిలిచినా, ఆయన పద్ధతి మాత్రం మాస్టారిదే. కుడికాలి వాటం వాళ్లకు ఎడమకాలితోనే ఆడాలంటూ పోటీలు పెట్టేవారని, బంతిని కాలితో నడిపించుకుంటూ పోకుండా ఒక్క తాపుతో పక్కవాడికి అందించాలన్న నిబంధనతో టోర్నీలు నడిపేవారని చెబుతారు. మనవాళ్లు ఒళ్లూ ఎత్తులో యూరప్ ఆటగాళ్లతో సరితూగరు కాబట్టి, బంతినే పరుగెత్తించాలన్నది ఆయన లెక్క. గ్లాస్గో కుర్రాళ్ల పాఠమే అది!

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరయ్యాయి. ఆ అవమానం నుంచి రహీమ్ చాలా నేర్చుకున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగ్గా నెల రోజులు. 1956 డిసెంబరు 1న భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే. ముందు గోల్ మనదే అయినా 1-4తో ఓటమి తప్పలేదు. బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నా, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎక్కిన మెట్టు లేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం... అందరూ మన హైదరాబాదీలే.

బలరాంది సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడ. పేద కుటుంబం. అంత దూరం నుంచి సాధనకు రావడానికి సైకిలు అద్దె రహీమ్ మాస్టారే ఇచ్చేవారని బలరాం చెప్పుకునేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూల మీద గోల్స్ కొట్టింది ఆ సైకిలు కుర్రాడే. 2023లో కన్నుమూశారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. మన అధికారి ఒకరు ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని తప్పుపట్టారన్న కోపంతో స్టేడియమంతా భారత జట్టును గేలిచేస్తోంది. ఆ హోరులోనే సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్లు బంగారం తెచ్చారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై గెలిచిన స్వర్ణం తర్వాత రహీమ్‌కు అది రెండోది. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న ఆయన వెళ్లిపోయారు. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మళ్లీ మన దేశానికి రాలేదు.

మైదానాలు ఏవీ?

రహీమ్ తర్వాత కూడా ఆటగాళ్లు పుట్టారు. నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. ఆ జట్టులోని మహ్మద్ హబీబ్, 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. అయితే వీళ్లందరికీ పేరొచ్చింది కలకత్తాలో. డబ్బున్న క్లబ్బులు అక్కడే ఉండటంతో మెరికలన్నీ రైలెక్కేశాయి. పోలీసు జట్టు వెలుగు తగ్గింది. 1983 తర్వాత క్రికెట్ ముంచెత్తింది. ఖాళీ స్థలాల్లో ఇళ్లు లేచాయి.

ఆ తర్వాత ఆశ పుట్టిన సందర్భాలు లేకపోలేదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కానీ డబ్బు చిక్కులతో కునారిల్లి, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. రహీమ్ కథతో 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' చూశాకే, ఇంత చరిత్ర మన ఊళ్లో ఉందా అని ఆశ్చర్యపోయినవారు ఎందరో. మరోపక్క నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఆడుతూ, 2024-25కి జాతీయ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. అంటే ప్రతిభకు కరవేమీ లేదు.

అలనాటి హైదరాబాద్ గెలుపులో మంత్రమేమీ లేదు. పిల్లాడు నడిచి వెళ్లగలిగే దూరంలో ఓ మైదానం. కుడికాలి వాటాన్ని ఎడమకాలికీ అలవాటు చేసే ఓ మాస్టారు. బాగా ఆడితే ఇల్లు గడుస్తుందన్న భరోసా ఇచ్చే ఓ ఉద్యోగం. షెఫీల్డ్‌లోనైనా, గ్లాస్గోలోనైనా, మూసీ ఒడ్డునైనా ఆ మూడూ కలిసినచోటే ఫుట్‌బాల్ పెరిగింది. శాలిబండ దారి వెంట పిల్లలకేం తక్కువ లేదు. సాయంత్రపు వెలుతురూ అంతే ఉంది. బార్కస్ దాకా వెళ్లి చూస్తే బంతి ఇంకా ఎగురుతూనే ఉంది. కావాల్సిందల్లా దాన్ని తన్నడానికి ఇంత చోటు.

ఎవరెక్కడ పుట్టారు?

ఇప్పుడు కోట్లకు పడగలెత్తిన ఇంగ్లిషు క్లబ్బుల పుట్టుక చూస్తే ముచ్చటేస్తుంది.

* మాంచెస్టర్ యునైటెడ్: 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు పెట్టుకున్న జట్టు. 1902లో పేరు మారింది.

* ఆర్సెనల్: 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారం కార్మికుల క్లబ్బు.

* ఆస్టన్ విల్లా: 1874లో ఓ ప్రార్థనామందిరం క్రికెట్ జట్టు సభ్యులు, చలికాలంలో ఆడుకోవడానికి మొదలుపెట్టింది.

* వెస్ట్‌హామ్: మూలాలు 1895లో థేమ్స్ ఒడ్డున ఓడల కర్మాగారం కార్మికుల జట్టులో ఉన్నాయి.

* ఆండ్రూ వాట్సన్: దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో పుట్టిన నల్లజాతీయుడు. 1881లో స్కాట్లండు కెప్టెన్‌గా ఇంగ్లండును 6-1తో ఓడించాడు.

* మహ్మద్ సలీం: కలకత్తా కుర్రాడు. 1936లో స్కాట్లండు వెళ్లి, కాళ్లకు గుడ్డపట్టీలు కట్టుకుని ప్రసిద్ధ సెల్టిక్ క్లబ్బు తరఫున ఆడాడు.