తడిసిన పుస్తకానికి రెండు రోజుల గడువు

వాన తెరిపిచ్చేలోగా ఓ మాట చెప్పుకుందాం. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా మన తీరంలో అక్టోబరు వచ్చిందంటే డిసెంబరు వెళ్లేదాకా మబ్బును నమ్మలేం. 2021 నవంబరు గుర్తుంది కదా! పెన్న పొంగి కోవూరు దగ్గర హైవేను ముంచింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలను దెబ్బతీసింది. నీళ్లు ఇంట్లోకొస్తే ముందు బియ్యం అటకెక్కుతాయి, తర్వాత టీవీ. పుస్తకాల వంతు వచ్చేసరికి కింది అర మునిగే ఉంటుంది.

తెల్లారి ఎండ కాయగానే వాటిని మిద్దె మీద పరుస్తాం. దయచేసి అట్టా చేయొద్దు. ఎండకు అట్ట వంకర తిరుగుతుంది, సిరా వెలుస్తుంది, లోపలి తేమ మాత్రం అట్నే ఉంటుంది. విప్పి చూడాలని కూడా తొందరపడొద్దు, నానిన కాగితం పట్టుకుంటేనే చినుగుతుంది. మన ఉక్కకు రెండు రోజుల్లో బూజు పట్టేస్తుంది. అన్నిటినీ ఆ గడువులో ఆరబెట్టలేం కాబట్టి, మిగిలినవాటిని కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పైన, ఐసు కట్టే అరలో పెట్టండి. గడ్డకట్టిన పుస్తకానికి బూజు పట్టదు, సిరా పాకదు. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటీ తీసుకోవచ్చు. తుపాను రోజుల్లో కరెంటు ఉండదంటారా? రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలకు మన దగ్గర కరువు లేదు. నీళ్లు దూరకుండా కవరు గట్టిగా కట్టి ఐసులో ఉంచితే, బూజు ఆగకపోయినా నెమ్మదిస్తుంది.

ఆరబెట్టేది నీడలో, ఫ్యాను తిరిగే గదిలో. పదేసి పేజీలకొక తెల్లకాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మారుస్తూ పోవాలి. అచ్చయిన పేపరు పెడితే దాని సిరా మన పేజీకి అంటుకుంటుంది. కొంచెం చెమ్మ ఉండగానే రెండు చెక్కల మధ్య పెట్టి పైన బరువు పెడితే అట్ట వంకర తిరగదు. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాల పేజీలు ఆరితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అందుకే వాటికి ఫ్రీజరే ముందు. ఉప్పునీళ్లలో మునిగినదాన్ని మూసి పట్టుకుని మంచినీళ్లలో ముంచి తీయండి. ఉప్పు మిగిలితే గాల్లోని తేమను లాగుతూనే ఉంటుంది. చేత్తో సిరాతో రాసినవాటికి మాత్రం ఈ స్నానం వద్దు.

1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది ఫ్లోరెన్సును ముంచినప్పుడు జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదలో కూరుకుపోయాయి. ఎక్కడెక్కడి కుర్రాళ్లో వచ్చి, వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ వాటిని పైకి తెచ్చారు. కొన్నింటిని పొగాకు ఆరబెట్టే కొట్లలో ఆరబెట్టారు. కలిగిరి, డీసీపల్లి వైపు బ్యారన్లు చూసినవాళ్లకు ఆ దృశ్యం కళ్లకు కడుతుంది. ఈ రోజు తడిసిన పుస్తకాలకు చేసే వైద్యంలో చాలా భాగం ఆ వరద నేర్పినదే.

అన్నిటినీ కాపాడలేం, నిజమే. అంగట్లో దొరికేదాన్ని వదిలేయొచ్చు. పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి ఉన్నాయి, ముందు అక్కడ వెతకండి. తాతగారి భారతం కూడా దొరకవచ్చు. కానీ ఆ అట్ట లోపల ఆయన రాసుకున్న పిల్లల పుట్టినరోజులు, పేజీ అంచున పెట్టిన పెన్సిలు గుర్తులు ఏ స్కానులోనూ ఉండవు. ఫ్రీజరులో ముందు చోటు ఆ పుస్తకానిదే.