అడ్డంగా నడిచే కారు

మగపిల్లాడికి చిన్నప్పుడు బొమ్మ కారు కొనిపెట్టని తల్లి ఉండదు. నాలుగు రోజుల్లో వాళ్ళు దాని చక్రాలు పీకి లోపలేముందో చూసేస్తారు. చాలామందికి ఆ సరదా అక్కడితో తీరిపోతుంది. మా అబ్బాయికి తీరలేదు. ముప్ఫయ్యో ఏట, హైటెక్ సిటీలో నిక్షేపంలాంటి ఉద్యోగం చేసుకుంటూ, పదిహేనేళ్ళు దాటిన పాత బీఎండబ్ల్యూ ఒకటి కొనుక్కొచ్చాడు.

"పాతదెందుకురా? కొత్త మారుతీ వచ్చేది కదా!" అన్నారు మావారు.

"మారుతీ పక్కకి జారదు నాన్నా" అన్నాడు వాడు.

జారకుండా ఉండే కారు కోసం లోకమంతా డబ్బు పోస్తుంటే, జారే కారు కోసం పొయ్యటం ఏం చోద్యమో అనుకున్నాను. దీన్ని డ్రిఫ్టింగ్ అంటారుట. మలుపులో కావాలనే వెనక చక్రాల పట్టు తప్పించి, కారు మూతి ఒకవైపు, ప్రయాణం మరోవైపుగా అడ్డంగా పోనివ్వటం. జారినంతసేపూ స్టీరింగుని ఎదురు దిక్కుకి తిప్పి పట్టుకోవాలి. యాక్సిలరేటరు కొలిచినట్టు తొక్కాలి. కాస్త ఎక్కువైతే కారు గిర్రున తిరిగిపోతుంది, తక్కువైతే మామూలు దారిలో పడుతుంది. తీగపాకానికీ ముదురు పాకానికీ మధ్య అరనిమిషం ఉంటుంది చూడండి, దాన్ని అలాగే నిలబెట్టడం లాంటిదన్నమాట! పోటీల్లో కూడా ఎవరు ముందు చేరారని చూడరు, ఎంత ఒడుపుగా జారారని చూసి మార్కులు వేస్తారు.

ఇది జపాన్‌లో పుట్టిన విద్య. అక్కడి కుర్రాళ్ళు రాత్రిళ్ళు కొండదారుల్లో చేసేవాళ్ళు. కెయిచి సుచియా అనే డ్రైవరు ఆ దారుల్లోనే పేరు తెచ్చుకున్నాడు. 2000-01 ప్రాంతంలో డీ-వన్ అనే పోటీలు పెట్టి ఈ విద్యని ట్రాకు మీదికి తెచ్చినప్పుడు ఆయనే జడ్జీ. యూరప్‌కి పాకాక ఐర్లండ్, పోలెండ్ లాంటి చోట్ల కుర్రకారు పాత బీఎండబ్ల్యూల మీద పడ్డారు. కారణం ఉంది. మన మారుతీ 800ని ముందు చక్రాలు లాగుతాయి. బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌ని వెనక చక్రాలు తోస్తాయి. తోసే చక్రాలకి పట్టు తప్పితేనే ఈ ఆట. ఆ మాటకొస్తే మన అంబాసిడరూ వెనక చక్రాల బండే, పైగా ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి సాక్షాత్తూ చెల్లెలు. పాపం, దానికంత శక్తి లేదుగానీ!

మావాడిది 2009 మోడల్. బీఎండబ్ల్యూ వాళ్ళు 2007లో చెన్నై దగ్గర ఫ్యాక్టరీ పెట్టి ఈ త్రీ సిరీస్ కార్లు బిగించటం మొదలెట్టారు. అప్పట్లో గొప్పవాళ్ళ కార్లు. ఇప్పుడు రిపేర్లకి భయపడి అమ్మేసుకుంటుంటే మావాడిలాంటి వాళ్ళు ఎగబడి కొంటున్నారు.

ఇక మార్పులు మొదలయ్యాయి. ముందు బరువు తగ్గించాలని లోపలి తివాచీలు పీకేశాడు. వెనక సీటు ఊడదీసి మా బాల్కనీలో పెట్టాడు. జర్మనీ వాళ్ళ తోలు సీటు మీద కూర్చుని మా అత్తగారు గోరుచిక్కుళ్ళు ఒలుస్తారు. ఇంత సుఖమైన కుర్చీ ఈ ఇంట్లో ఎప్పుడూ లేదని ఆవిడ కితాబు.

తర్వాత నీళ్ళ సంగతి. ఈ కార్లలో ఇంజను చల్లబరిచే నీళ్ళ తొట్టి, కొన్ని గొట్టాలూ ప్లాస్టిక్‌వి. ఏళ్ళు గడిస్తే కుక్కరు గాస్కెట్‌లా పెళుసెక్కి పగులుతాయి. అడ్డంగా పోయే కారుకి ఎదురుగాలి తిన్నగా తగలదు, ఇంజనేమో గొంతు చించుకుంటూ ఉంటుంది. మన మే నెల ఎండలో ఇంక చెప్పేదేముంది? అందుకని పెద్ద రేడియేటరు పెట్టించాడు. వెనక చక్రాలు ఠక్కున ఆగిపోవటానికి పొడుగాటి హ్యాండ్ బ్రేకు కర్ర ఒకటి వచ్చింది. ముందు చక్రాలు ఇంకా ఎక్కువగా తిరిగేట్టు కీళ్ళు మార్చారు.

అన్నిటికన్నా నాకు నచ్చిన పాఠం డిఫరెన్షియల్‌ది. పెళ్ళిలో కొంగుముడి వేసుకుని దంపతులు అగ్నిహోత్రం చుట్టూ తిరుగుతారు కదా. లోపలివైపు ఉన్నవాళ్ళకి దూరం తక్కువ, బయటివైపు వాళ్ళు గబగబా నడవాలి. కారు మలుపు తిరిగినా అంతే. రెండు వెనక చక్రాలూ ఎవరి వేగంతో వాళ్ళు తిరగటానికి మధ్యలో ఉండే పళ్ళ చక్రాల పెట్టే డిఫరెన్షియల్. డ్రిఫ్టింగ్ వాళ్ళు ఖర్చు భరించగలిగితే దానికి పగ్గం వేసే ఖరీదైన సరుకు పెడతారు. లేకపోతే ఆ పళ్ళని వెల్డింగ్ చేసి అతికించేస్తారు. అప్పుడు రెండు చక్రాలూ సరిసమానంగా తిరిగి తీరాలి, ఏదో ఒకటి జారక తప్పదు. ట్రాకు మీద అదే కావాలి. అదే కారు వాన రోడ్డు మీద పోతే? మామూలు మలుపులోనే తోక తిప్పేస్తుంది. ఇదీ మావాడు నాకు చెప్పిందే. అదే వాడి మీద నాకు ఆయుధమైంది.

ఎలాగంటారా? కారుకి ఉన్న ఆటోమేటిక్ గేరు తీసి చేత్తో వేసే గేరు పెట్టాలి. ఆ పెట్టె ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల బజారులో దొరికింది. సగం డబ్బు తగ్గింది. వాడి కన్ను నా ఫిక్సెడ్ డిపాజిట్ మీద పడింది.

"ముందిది చెప్పు. దీన్ని ఎక్కడ నడుపుతావు?" అన్నాను.

"కోకాపేట వైపు కొత్త రోడ్లున్నాయమ్మా. శనివారం అర్ధరాత్రి దాటాక ఎవరూ ఉండరు. మా ఫ్రెండ్సు అక్కడే చేస్తారు."

1999లో మేం తెనాలి నుంచి వచ్చి మాదాపూర్లో అద్దెకి దిగాం. సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి ఏడాది కాలేదు. దాని చుట్టూ బండరాళ్ళూ తుప్పలూ. సాయంత్రం ఆరు దాటితే నిజంగానే ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇప్పుడు ఏ వేళప్పుడైనా ఎవరో ఒకరుంటారు. క్యాబుల్లో దిగే నైట్ షిఫ్టు ఆడపిల్లలు, ఇడ్లీ బండి తోసుకెళ్ళే దంపతులు, ఆర్డర్లు అందించే కుర్రాళ్ళు. వాడు అన్న "ఎవరూ లేరు" లెక్కలో వీళ్ళెవరూ లేరు.

ఆ సమయంలో మా పనమ్మాయి గిన్నెలు తోముతూ వింటోంది. వాళ్ళక్క రోడ్లు ఊడ్చే పనిలో ఉంది. "ఎవరూ ఉండకపోవుడేంది సార్? మా అక్క నాలుగు గొట్టంగనే పోతది. మొన్న గట్లనే పోరగాండ్లు కారు గిర్రగిర్ర తిప్పుతుంటే చీపురు పట్టుకొని డివైడరెక్కి నిలబడ్డదంట. కాళ్ళు వణికినయని ఏడ్చింది" అంది. మావాడు తలెత్తి ఆ అమ్మాయి వంక చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

నేను ఊరుకోలేదు. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజారుద్దీన్ గారి అబ్బాయి ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదంలో పోయినప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చినదాన్ని. 2021లో సాయి ధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు జారి పడ్డప్పుడు, బతికి బయటపడ్డాడని తెలిసేదాకా దేవుడికి దండాలు పెట్టినదాన్ని. రోడ్డు మీద జారటం నాకు సరదా ముచ్చట కాదు.

"2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ పెట్టారు, గుర్తుందా?" అన్నాను. ఎందుకు గుర్తుండదు, పొద్దుటినుంచీ టీవీ వదల్లేదు. ఫ్రాన్స్ కుర్రాడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. "మూడు కిలోమీటర్లు కూడా లేని దారికి ఎన్ని రోజులు రోడ్లు మూశారు! కాంక్రీటు గోడలు కట్టారు, పైన ఇనప వలలు బిగించారు, డాక్టర్లని పెట్టారు. మీ కోకాపేటలో ఏం పెట్టార్రా? చీపురు పట్టుకున్న ఆడమనిషినా?"

చట్టం సంగతి మావారు చూశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారుచేసినవాళ్ళు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఆ మాటే చెప్పింది. మార్చిన సొంతదారుకి ఆరు నెలల వరకూ జైలు, లేదా ఒక్కో మార్పుకీ అయిదువేలు జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద పందేలకి వేరే శిక్ష. పోటీల్లో జరిగిన నష్టానికి మామూలు ఇన్సూరెన్సు వర్తించదు. ఇంతా చదివి, "అంటే ఇది రోడ్డెక్కకూడని కారు" అని తేల్చారు మావారు.

నేను డిపాజిట్ విరిచాను. షరతులు మాత్రం నావి. గేరు పెట్టె మారిన రోజు నుంచి కారు చక్రం రోడ్డుకి తగలకూడదు, ఎక్కడికెళ్ళినా లారీ మీదే. లోపల గొట్టాల పంజరం, హెల్మెట్, భుజాల మీదుగా వచ్చే బెల్టులు లేకుండా స్టార్టు చెయ్యకూడదు. తాళాలు నా బియ్యం డబ్బాలో ఉంటాయి. మొదటి షరతుకి వాడు గొణిగాడు. లారీ అద్దె పెట్రోలు కన్నా ఎక్కువట. అవనీ!

శంషాబాద్ అవతల ఒకరి సొంత యార్డు, చదునైన కాంక్రీటు నేల, అద్దెకి దొరికింది. ఆ ఆదివారం పులిహోర కలిపి పట్టుకెళ్ళాం. మొదటి గంటలో ఆరుసార్లు కారు గిరగిరా తిరిగి, మేం ఎటున్నామో వాడికే తెలియకుండా ఆగింది. కాలిన రబ్బరు వాసనకి పులిహోర రుచే మారిపోయింది. ఏడోసారి ఏమైందో గానీ, నాలుగు రబ్బరు కోన్ల చుట్టూ ఒక పూర్తి చుట్టు, తోక తేలిపోతూ, స్టీరింగు ఎదురుగా పట్టి, నిదానంగా పోయాడు. కిటికీలోంచి వాడి మొహం కనిపించింది. కోతికొమ్మచ్చి నాటి నవ్వు లేదు. సంగీతం పరీక్షలో గమకం తప్పకూడదని కూర్చున్న పిల్లాడి మొహంలా ఉంది. చెప్పొద్దూ, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.

"ఎక్కమ్మా ఒక్కసారి" అన్నాడు. నేను ఎక్కలేదు. మా అత్తగారు ఎక్కుతానన్నారు గానీ, అక్కడ వెనక సీటు లేదు!

రెండు వెనక టైర్లు ఆ ఒక్క పూటలోనే అరిగిపోయి తీగలు బయటపడ్డాయి. వాటిని డాబా మీదికి చేర్పించి, మట్టి పోసి బంతి నారు వేశాను. వచ్చే నెల మళ్ళీ యార్డుకెళ్తారట. ఇంకో రెండు వస్తాయి, వాటిలో కనకాంబరాలు వేద్దామనుకుంటున్నాను.